అలాస్కాలో సాల్మన్ వేటకి ఐదు రోజులు చాలవు తమ్ముడూ

ఒంగోలు తమ్ముడు అడిగింది ఇదీ: జులైలో సియాటిల్‌లో ఉన్న అక్క ఇంటికి పోతున్నారు. అక్కడి నుంచి ఐదు రోజులు అలాస్కా పోయి, రోడ్డనేది లేని చోట క్యాంపులో ఉండి సాల్మన్ పట్టాలని కోరిక. అరవై నాలుగేళ్ల నాన్నని తీసుకుపోవచ్చా, ఎలుగుబంట్లతో ప్రమాదం ఉందా, పట్టిన చేప ఇంటికి తెచ్చుకోవచ్చా అని.

మాది కావలి. 2023 జులైలో నేనూ మా అల్లుడూ నుషగాక్ అనే నది మీద ఒక గుడారాల క్యాంపుకి పోయొచ్చాం. నాకప్పుడు యాభై తొమ్మిది. చిన్నప్పుడు బకింగ్‌హాం కాలవ గట్టున వెదురు గాలం వేసిన అనుభవం తప్ప ఇంకేం లేదు. కాబట్టి పండితుడి మాటగా కాకుండా, దెబ్బలు తినొచ్చినవాడి మాటగా చదవండి.

ముందు రోజుల లెక్క. ఐదు రోజులంటే పోను ఒకటి, రాను ఒకటి, మధ్యలో మూడు. ఆ మూడూ మీవి కావు, వాతావరణానివి. ఆంకరేజ్ నుంచి డిల్లింగ్‌హాం అనే ఊరికి విమానం ఒక్కటే దారి. ఆ ఊరి నుంచి పాతిక మైళ్ల అవతల ఇంకో చిన్న ఊరి దాకా రోడ్డుంది, అంతే, లోకంలోకి పోయే రోడ్డు లేదు. అక్కడి నుంచి క్యాంపుకి నీళ్ల మీద వాలే చిన్న విమానం. పొగమంచు కిందికి దిగిందంటే ఆ విమానం లేవదు. మేం డిల్లింగ్‌హాంలో ఒకటిన్నర రోజు కాఫీ తాగుతా కూర్చున్నాం. మా అల్లుడు ఫోన్ తీసి గంటగంటకీ వాతావరణం చూడటం, పైలట్‌ని అడగటం. పైలట్ ప్రతిసారీ కొండ వైపు చూసి తల అడ్డంగా ఊపడం. నాకు మా పట్టపుపాళెం మామ గుర్తొచ్చాడు. జువ్వలదిన్నె వైపు మనిషి, తెల్లారుజామున ఒడ్డున నిలబడి గాలి చూసి, "ఈ పొద్దు లేదు పోండి" అని తిరిగి పడుకునేవాడు. పడవలో డీజిల్ పోసుంటే ఏంది, కూలీలు వచ్చుంటే ఏంది, పోడు. చదువుకున్న మా అల్లుడికి అర్థం కానిది మా మామకి ఒక్క చూపులో అర్థమయ్యుండేది.

అందుకే నా లెక్క ఎనిమిది రోజులు. అన్ని లేవంటే అడవి ఆలోచన మానుకోండి. ఆంకరేజ్ నుంచి కారులో రెండు మూడు గంటలు పోతే కెనాయ్ నది, దాంట్లో కలిసే రష్యన్ నది వస్తాయి. అక్కడా ఇదే చేప. జనం భుజం భుజం తగిలేటట్టు నిలబడతారు, మన మైపాడు బీచిలో కార్తీక పౌర్ణమి నాడు నిలబడ్డట్టు. కానీ ఖర్చు పదో వంతు కూడా కాదు. మారుమూల క్యాంపు ప్యాకేజీ ఒక్కో మనిషికి వేల డాలర్లు. మా అల్లుడు ఎంత కట్టాడో ఇప్పటికీ నాకు పూర్తిగా చెప్పలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

విమానం ఎక్కేముందు మనల్నీ సామాన్లనీ కలిపి తూకం వేస్తారు. రేవులో చేపల బుట్టలు తూచినట్టే, మొహమాటం ఉండదు. నా సూట్‌కేసు చూసి పైలట్ నవ్వాడు. గట్టి పెట్టెలు వద్దు, మెత్తటి సంచులు తీసుకెళ్లండి. ఎలుగుబంటి మీద కొట్టే కారం స్ప్రే పెద్ద విమానంలో చేతిలోనూ, లగేజీలోనూ రెండింట్లోనూ నిషేధం. అక్కడికి చేరాక కొనుక్కోవాలి. ఈ చిన్న విమానంలోనైతే దాన్ని మనుషుల దగ్గర పెట్టరు, విమానం కింద తేలే తొట్లలో పెడతారు. గాల్లో ఉండగా డబ్బా పగిలి పైలట్ కళ్లలో కారం పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక చేప సంగతి. అలాస్కాలో సాల్మన్ ఐదు రకాలు: కింగ్, సాకై, సిల్వర్, పింక్, చమ్. మన హోటళ్లలో ఇండియన్ సాల్మన్ అని రాసేది మాగ చేప, దానికీ వీటికీ చుట్టరికం లేదు. కింగ్ అన్నిటికన్నా పెద్దది. కెనాయ్‌లో 1985లో ఒకాయన గాలానికి పడిన కింగ్ 97 పౌన్లు తూగింది, అంటే మన లెక్కలో 44 కిలోలు. ఆ రోజులు పోయాయి. కింగ్ తగ్గిపోయి కొన్ని నదుల్లో వేట పూర్తిగా ఆపేస్తున్నారు. కాబట్టి కింగ్ కోసమే పోతున్నామని నాన్నకి ఆశ పెట్టకండి. మీరు జులై అన్నారు కాబట్టి మీకు దొరికేది సాకై. దానికి కొరత లేదు. మేం పోయిన నుషగాక్‌తో పాటు చాలా నదులు కలిసే బ్రిస్టల్ బే అనే సముద్రపు పాయలోకి 2022లో వచ్చిన సాకై దాదాపు 7.9 కోట్లు. కిలోలు కాదు, చేపలు.

ఇన్ని ఎట్లా లెక్కపెట్టారని నాకూ అనుమానమొచ్చింది. కొన్ని నదుల్లో ఒడ్డున మంచె కట్టుకుని మనిషి కూర్చుని గంటకి పది నిమిషాలు దాటే చేపల్ని లెక్కపెడతాడు. మేం పోయిన నదిలో నీళ్లు మసక కాబట్టి సోనార్‌తో, అంటే నీళ్లలోకి శబ్దం పంపి చేపని గుర్తుపట్టే యంత్రంతో లెక్కిస్తారు. ఆ అంకెలు ఏ రోజుకారోజు నెట్‌లో పెడతారు. క్యాంపు బుక్ చేసే ముందు గత నాలుగైదేళ్ల అంకెలు చూడండి, ఏ వారంలో చేప ఎక్కుతుందో తెలిసిపోతుంది. ఏజెంటు చెప్పే మాటలకన్నా అదే నయం.

సాకై పుట్టేది నదిలో, పెరిగేది సముద్రంలో. రెండు మూడేళ్లు సముద్రంలో తిరిగి, తను పుట్టిన నీళ్ల వాసన పట్టుకుని ఎదురెక్కి వస్తుంది. గోదారి వాళ్ల పులస కూడా ఎదురీదేదే కదా అంటారేమో. పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోగలదు. ఇది పోలేదు. నదిలో అడుగుపెట్టాక మేత మానేస్తుంది, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

మేత మానేసిన చేపని ఎరతో పట్టేదెట్లా? ఇదే నాకు రెండు రోజులు బుర్రకెక్కలేదు. వానపాము గుచ్చి బెండు మునిగిందాకా చూసే అలవాటు మనది. అక్కడ ఎర లేదు. దారానికి చిన్న బరువు, దాని కింద మూడు నాలుగు అడుగుల సన్న తీగ, చివర దూది పువ్వు లాంటి గాలం. నదికి ఎగువ వైపుకి వేస్తే ప్రవాహానికి బరువు నేలని తడుముకుంటా కిందికి జారుతుంది. చేప నోరు తెరుస్తా మూస్తా ఈదుతుంటుంది, తీగ ఆ నోటి గుండా జారి గాలం దవడ మూలన పడుతుంది. నిజం చెప్పాలంటే అది కొరకదు, మనమే తగిలిస్తాం. నోట్లో తగిలితేనే మనది. వీపుకో తోకకో గుచ్చుకుంటే వదిలేయాల్సిందే, అది చట్టం. మొదటి రోజు నాకు పడినవాటిలో సగం అట్లా వదిలేసినవే.

మొదటి పూట నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. నది వెడల్పు చూసి, మధ్యలో లోతు ఎక్కువ, చేప అక్కడే ఉంటుందని నడుం లోతు దిగి దూరంగా విసరడం మొదలుపెట్టాను. గంటయినా ఏమీ లేదు. గైడు పాతికేళ్ల కుర్రోడు, ఒడ్డున కూర్చుని చూసి చూసి చివరికి అన్నాడు, "సార్, మీరు చేపల రోడ్డు మీద నిలబడి రోడ్డు అవతలకి వేస్తున్నారు" అని. సాకై ఒడ్డు పట్టుకుని, మోకాలు నుంచి తొడ లోతు నీళ్లలో వరసకట్టి పోతుంది. మధ్యలో ప్రవాహం గట్టిది, అక్కడ ఈది ఓపిక ఖర్చు పెట్టుకోదు. నేను వెనక్కి వచ్చి చీలమండల లోతులో నిలబడి, పదిహేను అడుగుల దూరానికి వేశాను. పది నిమిషాల్లో తగిలింది. తగిలాక మాత్రం, బాబోయ్. మూడు కిలోల చేప మనిషిని ఒడ్డు వెంట పరిగెత్తిస్తుంది.

వెనక్కి వచ్చేటప్పుడే గుండ్రాయి మీద కాలు జారి పడ్డాను. ఒంటికి తొడుక్కునే రబ్బరు బట్టలకి నడుం దగ్గర బెల్టుంటుంది. ఊపిరాడటంలేదని నేను వదులు చేసుకున్నా. నీళ్లు లోపలికి వచ్చేశాయి. పెన్నలో ఈత నేర్చినవాణ్ణి, ఆ చలికి ఈత కాదు గదా నోట మాట రాలేదు. గైడు కాలర్ పట్టుకుని లాగాడు. బెల్టు బిగించుకోమని మీ నాన్నకి రోజూ చెప్పండి, కోపమొచ్చినా సరే. బూట్ల అడుగున మెత్తటి ఫెల్ట్ ఉన్నవి అమెరికాలో వేరే చోట కొని తీసుకెళ్లకండి, వాటితో బయటి నదుల పురుగూ నాచూ వస్తాయని 2012 నుంచి అలాస్కా నదుల్లో వేటగాళ్లకి అవి నిషేధం.

ఎలుగుబంటి గురించి. భయపడేంత లేదు, మర్చిపోయేంత తక్కువా లేదు. నడిచేటప్పుడు మాట్లాడుతా నడవాలి, అది ఉలిక్కిపడకూడదు. పరిగెత్తకూడదు. మూడో రోజు మా అల్లుడికి మంచి చేప తగిలి నీళ్లలో దబదబా కొట్టుకుంటోంది. అవతలి గట్టున పొదలోంచి ఒక తల లేచింది. గైడు మారుమాట లేకుండా కత్తి తీసి దారం కోసేశాడు. మా వాడికి ఏడుపొక్కటే తక్కువ. గైడు తర్వాత చెప్పాడు: మనిషి దగ్గర చప్పుడైతే చేప దొరుకుతుందని ఎలుగు ఒక్కసారి నేర్చుకుంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి మనిషికీ అది ముప్పు, చివరికి దాని ప్రాణానికీ ముప్పు. దారం పోతే పోయింది.

తిండి వాసనే అసలు సమస్య. మా ఆవిడ కట్టిచ్చిన ఆవకాయ, గోంగూర సీసాలు గుడారంలో తలగడ పక్కన పెట్టుకున్నా. క్యాంపు వంటామె సంచి తెరిచి వాసన చూసి, మర్యాదగానే, ఎలుగు తెరవలేని ఇనప పెట్టెలోకి మార్చింది. చుట్టూ కరెంటు తీగ కంచె, లోపల ఆ పెట్టె. టూత్‌పేస్టు కూడా అందులోనే. మన ఊరగాయకి అంత బందోబస్తు నేనెక్కడా చూడలేదు.

ఆమెని బతిమాలి ఒక సాయంత్రం పులుసు పెట్టాను. చింతపండు, కారం, మెంతిపొడి పట్టుకుపోయా, మామిడికాయ ఒక్కటే లేదు. మొదటిసారి కొరమీను అనుకుని ముక్కలు ముందే వేసి మరిగించా. సాకై పీచు పీచయింది. కొరమీను ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు. రెండోసారి పులుసు బాగా దగ్గర పడ్డాక, తోలు తీయని పెద్ద ముక్కలు వేసి ఐదారు నిమిషాలకే దించేశా. అది కుదిరింది. రాత్రి ఇనప పెట్టెలో పెట్టి పొద్దున తిన్నాం, నెల్లూరోళ్లం మరి, నిలవుంటేనే కదా పులుసు. గైడు మూడుసార్లు వేయించుకుని, ముక్కు తుడుచుకుంటా తిన్నాడు.

తెచ్చుకోవడం: లైసెన్సు తప్పనిసరి, పదహారేళ్లు నిండిన బయటివాళ్లందరికీ. ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. కింగ్ పట్టాలంటే దాని మీద అదనపు స్టాంపు. మాకు సాకై రోజుకి ఐదు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపినట్టు, వాళ్లకి రోజుకో లెక్క. మధ్య సీజన్లో కూడా మారుస్తారు కాబట్టి పోయే వారం మళ్లీ చూసుకోండి. ఇంటి తిండి కోసం వలలతో పట్టడం అలాస్కా నివాసులకే, మీ అక్క సియాటిల్‌లో ఉన్నా పనికిరాదు. క్యాంపులో ముక్కలు కోసి, గాలి తీసి ప్యాక్ చేసి, గడ్డకట్టించి 50 పౌన్ల అట్టపెట్టెలో ఇచ్చారు. అది మా అమ్మాయి ఫ్రీజర్‌లోకి పోయింది. కావలికి ముక్క కూడా తేలేదు. ఒంగోలు దాకా మోసే ఆలోచన మీరూ పెట్టుకోకండి.

నాన్నగారి విషయం. వయసు అడ్డం కాదు, మోకాళ్లు చూసుకోండి. గుండ్రాళ్ల మీద ప్రవాహంలో గంటలు నిలబడాలి. దగ్గర్లో ఆసుపత్రి అంటే మళ్లీ విమానమే, అదీ ఆకాశం ఒప్పుకుంటే. బీపీ, షుగరు మందులు రెట్టింపు రోజులకి తీసుకెళ్లండి. ఆయనకి చేప ఎరని లాక్కునే ఆ సుఖం కావాలంటే ట్రిప్పు ఆగస్టుకి మార్చండి. అప్పుడు సిల్వర్ వస్తుంది, అది మెరిసే ఎర మీద కోపంగా ఎగబడుతుంది, పడవలో కూర్చుని కూడా పట్టొచ్చు. వాన ఎక్కువ, కానీ దోమ కొంచెం తగ్గుతుంది. జులై దోమ గురించి నేను రాయను, తలకి వల టోపీ కొనండి చాలు.

ఇంకోటి. బూట్లూ రబ్బరు బట్టలూ క్యాంపు వాళ్లే ఇస్తారు, సైజులు ముందే రాయమంటారు. నాన్నని అడిగి రాయండి. మా అల్లుడు నన్నడక్కుండా 8 అని రాశాడు, నాది 9. ఎడం కాలి బొటనవేలి గోరు సంక్రాంతికి గాని మళ్లీ రాలేదు.