మండుటెండల్లో వేడి టీ తాగొచ్చా? పది రూపాయల టీ మీద దానం చేసేంత మిగులుతుందా?

మీరు అడిగినవి రెండు. ఎండాకాలంలో వేడి టీ ఒంటికి మంచిదేనా అన్నది ఒకటి. టీ అమ్ముకునే మనిషి నలుగురికీ సాయం చేశాడని వార్తల్లో చదువుతుంటాం కదా, ఆ చిన్న కొట్టు మీద అంత మిగులుతుందా అన్నది రెండోది.

మాది తిరుపతి. అలిపిరికి పోయే దారిలో రుయా, ప్రసూతి, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులన్నీ దగ్గర దగ్గరే ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నా. మీ రెండు ప్రశ్నలకూ నాకు జవాబు దొరికింది ఒక్క టీ కొట్టు దగ్గరే కాబట్టి కలిపే రాస్తా.

ముందు టీ సంగతి. మా అమ్మది ఒకటే మాట: "ఈ ఎండలకు టీ తాగితే వేడి చేస్తుందిరా." మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. అయినా సాయంత్రం అయిదయ్యేసరికి ఏ టీ కొట్టు ముందు చూసినా జనమే. దీనికి అలవాటొక్కటే కారణం కాదు. 2012లో కెనడాలోని ఒట్టావా యూనివర్సిటీ వాళ్ళు కొంతమంది చేత సైకిల్ తొక్కిస్తూ, ఒకసారి చల్లటి నీళ్ళు, ఇంకోసారి 50 డిగ్రీల వేడినీళ్ళు తాగించి ఒంట్లో ఎంత వేడి నిలుస్తోందో కొలిచారు. వేడినీళ్ళు తాగినప్పుడే తక్కువ నిలిచింది. పొట్టలో వేడి తగలగానే ఒళ్ళు చెమట ఎక్కువ పోస్తుంది, ఆ చెమట ఆరేటప్పుడు, టీతో లోపలికి పోయినదానికంటే ఎక్కువ వేడిని పట్టుకుపోతుంది.

అయితే చెమట ఆరాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. గాలి ఆడేచోట, నూలు చొక్కా వేసుకుని తాగితే హాయిగా ఉంటుంది. సాయంత్రం మబ్బు పట్టి ఉక్కపోసే రోజున, పాలిస్టర్ చొక్కాతో, ఫ్యాను లేని గదిలో కూర్చుని తాగితే మా అమ్మ చెప్పిందే నిజమవుతుంది.

ఇంకో రెండు సంగతులు. నాలుక కాలేంత వేడిగా తాగొద్దు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. అన్నం తిన్న వెంటనే కూడా టీ వద్దు, గంటసేపు ఆగండి. టీలోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. మా ల్యాబుకు రక్తం తక్కువై హిమోగ్లోబిన్ 8, 9 ఉన్న ఆడవాళ్ళు చాలామందే వస్తారు, ఐరన్ మాత్రను టీతోనే మింగుతున్నామని చెప్పేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పడం నా ఉద్యోగంలో భాగం కాదు గానీ చెబుతూనే ఉంటా. ఎండదెబ్బ తగిలినవాళ్ళకు మాత్రం టీ ఇవ్వకండి, నీడకు చేర్చి ఒంటి మీద నీళ్ళు చల్లి 108కి ఫోన్ చేయండి.

నా పద్ధతి చెప్తా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ముందు గ్లాసుడు మంచినీళ్ళు తాగి ఆ తర్వాత టీ. మధ్యాహ్నం మజ్జిగే. చక్కెర కూడా చూసుకోవాలి. గ్లాసుకు రెండు చెంచాలు వేస్తే నాలుగు టీలకు దగ్గర దగ్గర 40 గ్రాములు అవుతుంది. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇక ఆ కొట్టు. మా చిత్తూరు, తిరుపతి వైపు టీ కొట్లు చాలావరకు అరవపద్ధతిలో ఉంటాయి. టీ పొడి, పాలు, నీళ్ళు ఒకే గిన్నెలో పోసి మరగబెట్టరు. పెద్ద బాయిలర్ ఉంటుంది, లోపల నీళ్ళు, దాని నెత్తిన పాలగిన్నె. పక్కన డబ్బాలో గుడ్డసంచి, దాంట్లో డస్ట్ టీ పొడి. అడిగినప్పుడు గ్లాసులో చక్కెర వేసి, పాలు పోసి, గుడ్డసంచిలోంచి డికాషన్ వంచి, ఒక చెయ్యి తలపైకి, ఒక చెయ్యి నడుం కిందికి పెట్టి రెండుసార్లు ఎత్తి పోస్తాడు. సోకుకు చేసే పని కాదిది. చక్కెర కరగాలి, నురగ రావాలి, టీ కాస్త చల్లారాలి. నేను పైన చెప్పిన 65 డిగ్రీల బెడద అక్కడే సగం తీరిపోతుంది.

నేను వెళ్ళే కొట్టు ఆయన్ని అందరూ "అన్నా" అనే పిలుస్తారు. పేరు రాయొద్దన్నాడు, రాయను. వయసు అరవైకి దగ్గర. మంచివాడే గానీ మెత్తటివాడు కాదు. కొట్లో అప్పు పుట్టదు. మెడికల్ కాలేజీ పిల్లలు "రేపిస్తా అన్నా" అంటే గ్లాసు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంటాడు. ఒకసారి నేనే అడిగా, కొందరికి ఊరికే ఇస్తావు, వీళ్ళకు అప్పు ఎందుకివ్వవు అని. "దానం వేరే, అప్పు వేరే నాయనా. అప్పు పడినోడు నా మొగం చూల్లేక పక్క కొట్టుకు పోతాడు. బేరమూ పాయె, మనిషీ పాయె" అన్నాడు.

ఆయన ఇచ్చేది ఎక్కడినుంచి వస్తుందో గమనిస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. లాభం లెక్కేసి అందులోంచి తీసి ఇచ్చే పద్ధతి కాదు ఆయనది. మొదటిది వేడినీళ్ళు. ఆసుపత్రిలో చేరినవాళ్ళకు అన్నిటికంటే ముందు కావలసింది అవే. బాలింతకు తాగడానికి, పసిపాపకు పాలు కలపడానికి, ముసలాయనకు మాత్రలు వేసుకోవడానికి. రాయచోటి నుంచో, సూళ్ళూరుపేట నుంచో రాత్రికి రాత్రి వచ్చినవాళ్ళ దగ్గర గిన్నె ఉండదు, పొయ్యి ఉండదు. బాయిలర్‌లో నీళ్ళు తెల్లారుజాము నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా ఎటూ కాగుతూనే ఉంటాయి. అందుకే పక్కనున్న కొళాయి ఎవరికైనా తిప్పుతాడు, పైసా తీసుకోడు. బాటిల్ నింపడానికి డబ్బులు తీసుకునే కొట్లూ ఉన్నాయి. వాళ్ళను తప్పుపట్టను, నీళ్ళ క్యాను కొనాలి, 19 కిలోల సిలిండర్ కొనాలి.

రెండోది పాలు. ఎండాకాలంలో టీ కొట్టుకు పెద్ద శత్రువు విరిగిన పాలే. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బేరం పడిపోతుంది, ప్యాకెట్లేమో పొద్దున్నే దిగి ఉంటాయి. రాత్రి కొట్టు కట్టే ముందు మిగిలిన పాలను ఈయన ఇంకో పొంగు రానిచ్చి, గోరువెచ్చగా అయ్యాక తోడేస్తాడు. పొద్దునకు పెరుగు. దాన్ని ఆయన భార్య, మేమందరం అక్కా అంటాం, చిలికి, దండిగా నీళ్ళు కలిపి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసి కుండలో పోస్తుంది. కుండకు తడిగుడ్డ చుట్టి కొట్టు ముందు వేపచెట్టు కింద పెడతారు. పదకొండు నుంచి అయిపోయేదాకా ఎవరైనా తాగొచ్చు. పాలు మిగలని రోజున పెరుగు కొంటారు, కుండ మాత్రం ఖాళీగా పెట్టరు. చలివేంద్రం అని బ్యానరు కట్టరు, ఫొటో తీయనివ్వరు. ఓసారి ఒకాయన సెల్ఫీ తీసుకోబోతే అక్క గరిటె చూపించింది!

మూడోది బోణీ డబ్బు. తిరుపతిలో డబ్బా పెట్టి రోజూ కాసు వేస్తున్నారంటే అది స్వామి హుండీకే అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నా. పొద్దున మొదటి టీ డబ్బు ఆయన రేకు డబ్బాలో వేస్తాడు. ఆ డబ్బు డిశ్చార్జి అయ్యాక ఊరికి పోను చార్జీలు లేనివాళ్ళకు. చేతికి మాత్రం ఇవ్వడు. కొట్లో పనిచేసే పిల్లోణ్ణి తోడిచ్చి బస్టాండుకు పంపి, టికెట్ కొనిచ్చి, సీట్లో కూర్చోబెట్టి రమ్మంటాడు. కట్టు కట్టిన కాలితోనో పసిబిడ్డతోనో ఉన్నవాళ్ళు ఆ రద్దీలో బస్సు వెతుక్కోలేరు, వాళ్ళకు డబ్బు కంటే ఆ తోడు ఎక్కువ ఉపయోగం. గంగమ్మ జాతర వారంలో డబ్బా మొత్తం విప్పి, మిగిలింది ఎంతుంటే అంతకు రాగిపిండి కొంటాడు. మేలో జాతర, వీధివీధినా అంబలి పోస్తారు కదా, ఈయనదీ ఒక కుండ.

చూశారు కదా, మీరు అనుకున్నంత పెద్ద మొత్తం ఇందులో ఏదీ లేదు. కాగుతున్న నీళ్ళు, విరగబోయే పాలు, రోజుకో పది రూపాయలు. ఇంతకంటే పెద్దగా చేసినవాళ్ళూ ఉన్నారు. ఒడిశాలోని కటక్‌లో డి. ప్రకాశరావు గారు టీ అమ్మిన డబ్బుతో బస్తీ పిల్లలకు బడి నడిపారు. 2019లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2021 జనవరిలో కన్నుమూశారు. ఆయన సంగతి అన్నకు చెబితే ఒక్కటే అడిగాడు: "బడికి పోయిన టైములో కొట్టు ఎవురు చూసుకునేది?"

నేను కూడా ఓసారి డబ్బా వైపు చెయ్యి చాపి నోటు వేయబోతే అడ్డుకున్నాడు. "దుడ్లొద్దు సార్. మీ ఇంట్లో పాత ఫ్లాస్కుంటే తెచ్చియ్యి." నీళ్ళు ఊరికే ఇచ్చినా పట్టుకుపోయేదానికి జనం దగ్గర ఉండేది పల్చటి ప్లాస్టిక్ బాటిల్, వేడికి అది ముడుచుకుపోతుంది, చేతులు కాలతాయి. అందుకని బల్ల కింద చెక్క మీద పాత ఫ్లాస్కులు వరసగా పెట్టాడు, సొట్టలు పడినవి, రంగు పోయినవి, ఒక్కోదాని పిడికి ఒక్కో రంగు దారం. వార్డు పేరు అడిగి ఇచ్చేస్తాడు, డిపాజిట్ లేదు. కొన్ని తిరిగొస్తాయి, కొన్ని ఊళ్ళకు పోతాయి.

మీరు ఎప్పుడైనా తిరుపతి వస్తే ఆ రోడ్డులో ఫ్లాస్కులు కనపడిన కొట్టు దగ్గర ఆగండి, అల్లం టీ అడగండి. ఫ్లాస్కు తెచ్చేటట్టయితే మూత బిగుసుకుంటోందో లేదో ఇంట్లోనే చూసుకుని తెండి, కారేదైతే అక్కడికక్కడే వెనక్కిచ్చేస్తాడు. స్టీలుదైతే మంచిది. గాజుబుడ్డివి వార్డులో కిందపడి పగిలితే ముక్కలు ఏరలేక ఆయాలు తిడుతున్నారట.