జుట్టు చూసి ఆపారు, పోలీసులో కాదో తెలియలేదు

ప్రశ్న: లాయర్ గారూ, మాది తిరుపతి. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. మా వాడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. జుట్టు పెంచుకున్నాడు, చేతి మీద త్రిశూలం టాటూ ఉంది. మొన్న ఆదివారం రాత్రి 11 గంటలకు రేణిగుంట రోడ్డులో టీ తాగుతుంటే జీన్స్ వేసుకున్న ఇద్దరు బుల్లెట్ మీద వచ్చారట. ‘పోలీసులం, గంజాయి ఉందని సమాచారం’ అని బ్యాగు వెతికి, జేబులు తడిమారు. ఏమీ దొరకలేదు. అయినా కేసు రాస్తే చదువు పోతుందని బెదిరించి, ఫోన్లో 3,000 వేయించుకుని వెళ్లిపోయారు. వాళ్లు నిజంగా పోలీసులేనా? మఫ్టీలో ఉన్నవాళ్లను ఎలా గుర్తు పట్టాలి? ‘మీరు పోలీసా’ అని సూటిగా అడిగితే వాళ్లు అబద్ధం చెప్పకూడదని, చెబితే కేసు చెల్లదని మా వాడి స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ 3,000 సంగతి చూద్దాం. మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు, దీనికి మాత్రం గడువుంది.

ఆ ఇద్దరూ నిజంగా పోలీసులే అయితే అది లంచం. అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ లంచం ఇచ్చినవాడిని కూడా తప్పు పడుతుంది. బలవంతం మీద ఇచ్చినవాడికి మినహాయింపు ఉంది కానీ, ఇచ్చిన 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పాలి. 2018 సవరణతో వచ్చిన నిబంధన ఇది. ఆదివారం నుంచి లెక్క పెట్టుకోండి. వాళ్లు దొంగ పోలీసులైతే ఈ లెక్క మీకు వర్తించదు. అప్పుడు వాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ పడుతుంది. ప్రభుత్వోద్యోగినని నటించినందుకు 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు. బెదిరించి డబ్బు గుంజినందుకు 308 కింద 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఇందులో ఏది నిజమో తేల్చాల్సిన పని మీది కాదు. ఫిర్యాదులో ‘పోలీసులమని చెప్పుకున్న ఇద్దరు వ్యక్తులు’ అని రాయండి, చాలు.

డబ్బు ఫోన్లో వేయించుకోవడం మాత్రం వాళ్లు చేసిన మంచి పని, మీకు. నోట్లు పట్టుకుపోయి ఉంటే మనకు మిగిలేది మీ వాడి మాట ఒక్కటే. ఇప్పుడు ఎవరి ఖాతాకు వెళ్లింది, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు ఎంత, అన్నీ ఫోన్లో ఉన్నాయి. స్క్రీన్‌షాట్ తీయండి, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తీసుకోండి. టీ కొట్టు చుట్టుపక్కల షాపుల్లో సీసీ కెమెరాలుంటే ఆ రాత్రి ఫుటేజీ తీసి ఉంచమని రేపే అడగండి. పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది, తర్వాత ఎంత బతిమాలినా రాదు.

ఇక గుర్తు పట్టడం. పట్టలేరమ్మా. పట్టగలిగితే ఇక మఫ్టీ ఎందుకు?

పొట్టి క్రాఫు, మెలితిప్పిన మీసం, బ్రౌన్ బూట్లు, బుల్లెట్ బండి ఉంటే పోలీసని మనవాళ్లకో లెక్క. మా వీధిలో ఆ నాలుగూ ఉన్నాయన ఒకాయన ఎరువుల కొట్టు నడుపుతాడు. టీ కొట్టుకు వెళితే కుర్రాళ్లు సిగరెట్లు దాచేస్తారని ఆయన బాధ. నిజమైన మఫ్టీవాళ్లు అలా ఉండరు. గరుడసేవ రోజు మాడవీధుల్లో జేబుదొంగల కోసం తిరిగే క్రైమ్ పోలీసులు నామం పెట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని భక్తుల్లో భక్తులుగా ఉంటారు. మీ హోటల్లోనే రోజూ ఇడ్లీ తిని వెళుతున్నా మీకు తెలియదు.

స్నేహితులు చెప్పిన మాట ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చి మన హాస్టళ్లలో స్థిరపడిన పుకారు. మఫ్టీలో ఉన్న పోలీసు ‘నేను పోలీసును’ అని ఒప్పుకోవాలనే నియమం మన చట్టంలో లేదు. కొనుగోలుదారులా వెళ్లి, సరుకు అమ్మేవాడిని పట్టుకోవడం కూడా ఇక్కడ మామూలే. ‘అన్నా, నువ్వు పోలీసా?’ అని అడిగితే ‘లేదు తమ్ముడూ’ అన్నాడు కాబట్టి కేసు కొట్టేయండి అని వాదిస్తే జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని చూస్తారంతే. ఈ పుకారు నమ్మి ధైర్యంగా అమ్మబోయి ఇరుక్కునేది కుర్రాళ్లే.

పోలీసు పని మొదలైంది అంటే మాత్రం వేషం పక్కకు పోయి కాగితం ముందుకు రావాలి. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనబడేలా గుర్తింపు పెట్టుకోవాలని బీఎన్ఎస్ఎస్, అంటే అరెస్టులూ విచారణలూ ఎలా జరగాలో చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత, 36వ సెక్షన్ చెబుతుంది. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతే అది. అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంట్లోవాళ్లో ఆ ప్రాంతంలో పేరున్నవాళ్లో సాక్షి సంతకం చేయాలి, కారణం చెప్పాలి, ఇంటికి కబురు పంపాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. సరుకు దొరికితే ఇద్దరు మధ్యవర్తుల ఎదుట పంచనామా రాస్తారు. మన దగ్గర చాలాసార్లు వీఆర్వోలనే పిలుస్తారు. మీ వాడి విషయంలో పేరు లేదు, కాగితం లేదు, స్టేషన్ ఊసు లేదు, ఉన్నదల్లా స్కానర్. వాళ్ల ఉద్యోగం ఏదైనా సరే, ఆ రాత్రి చేసింది పోలీసు పని కాదు.

సోదా విషయంలో మీ వాడికీ ఒక పొరపాటు అభిప్రాయం ఉండొచ్చు, చాలామందికి ఉంది. ‘గెజిటెడ్ ఆఫీసర్ లేకుండా నా బ్యాగు ముట్టకూడదు’ అంటారు. మాదకద్రవ్యాల చట్టం, అదే 1985 నాటి ఎన్‌డీపీఎస్, 50వ సెక్షన్ ఇచ్చే హక్కు ఒంటి మీద సోదాకే. చేతిలోని బ్యాగుకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2005లో పవన్ కుమార్ కేసులో తేల్చేసింది. కానీ జేబులు తడమాలంటే సంగతి వేరు. ‘నిన్ను దగ్గర్లోని గెజిటెడ్ అధికారి ముందుగానీ మేజిస్ట్రేటు ముందుగానీ సోదా చేయమని అడిగే హక్కు నీకుంది’ అని వాళ్లే ముందు చెప్పాలి. 2010లో విజయ్‌సిన్హ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తు.చ. తప్పకుండా పాటించాలంది. మనకు గెజిటెడ్ అంటే ఎక్కువగా తహసీల్దారే. ఆడపిల్లనైతే ఆడవాళ్లే సోదా చేయాలి, ఇందులో వేరే మాట లేదు.

రాత్రి 11 గంటలు కదా, ఆ వేళలో సోదా చేయొచ్చా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. ఇంట్లోకి రావాలంటే రాత్రిపూట వేరే నిబంధనలున్నాయి. రోడ్డు పక్క టీ కొట్టు బహిరంగ స్థలం, అక్కడ ఎన్‌డీపీఎస్ 43వ సెక్షన్ ప్రకారం ఏ వేళైనా ఆపొచ్చు. అయితే నేరం చేశాడని నమ్మడానికి కారణం ఉండాలి అంటుంది ఆ సెక్షన్. జుట్టు కారణం కాదు, టాటూ కారణం కాదు. అసలు ఈ ఊళ్లో జుట్టు చూసి మనిషిని అంచనా కట్టడం ఏమిటి? సగంమంది గుండుతో, మిగతా సగం మొక్కు జుట్టుతో తిరిగే ఊరు. అలిపిరిలో ప్రతి బండినీ, ప్రతి బ్యాగునూ చూస్తారు, ఎవరూ నొచ్చుకోరు. పదిమందిలో ఒకడినే వేషం చూసి లాగితే నొప్పి. అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి రైళ్లలో బస్సుల్లో మన మీదుగా చెన్నై వైపు పోయే సరుకుతో పట్టుబడి నా దగ్గరికి బెయిలుకు వచ్చినవాళ్లలో చక్కగా టక్ చేసుకున్నవాళ్లున్నారు, పిల్లాడిని ఎత్తుకున్న దంపతులూ ఉన్నారు. కారణం లేకుండా వేధించడానికి సోదా చేసిన అధికారికి 58వ సెక్షన్‌లో 6 నెలల దాకా జైలు ఉంది. 1,000 జరిమానా కూడా ఉంది, అది చూస్తే నాకు నవ్వొస్తుంది.

జుట్టు కత్తిరించుకోమని వాడిని పోరకండి. కానీ ఒక్క మాట వాడితో తీరిగ్గా కూర్చుని అడగండి, తిట్టకుండా. ‘కొంచెమే కదా’ అనే మాట ఈ చట్టంలో పనికిరాదు. గంజాయి 1 కిలో లోపు ఉన్నా ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే 10 ఏళ్లకు తగ్గదు, బెయిలు కూడా గగనమే. అలవాటు ఉందని తెలిస్తే భయపడి దాచకండి. 14446కు ఫోన్ చేస్తే చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

మళ్లీ ఎవరైనా ఆపితే పరిగెత్తొద్దని చెప్పండి, పరుగే వాళ్లకు కారణమవుతుంది. తోయకూడదు, నిజం పోలీసైతే ఇంకో కేసు. పేరు, స్టేషన్ అడగాలి. ‘స్టేషన్‌కు పోదాం పదండి సార్, అక్కడ చూడండి’ అనాలి. దొంగ పోలీసుకు ఆ మాట అసలు గిట్టదు. అనుమానం తీరకపోతే వాళ్ల ఎదుటే 112కు ఫోన్ చేయొచ్చు.

ఫిర్యాదుకు వాడే వెళ్లాలి, మీరు తోడు వెళ్లండి. ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, మా పరిధి కాదు అనడానికి లేదు. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళదాం. ఫీజు గురించి టెన్షన్ పడొద్దు, 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు సహాయం చూపిస్తారు. కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోకండి. ఆ తేదీ మీ 7 రోజుల లోపే పడాలి.