రిటైరయ్యాక ఏ ఊరు? ముందు అక్కడి ఉక్కపోత లెక్క చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: వచ్చే ఏడాది నేనూ మావారూ రిటైరవుతున్నాం. స్థిరపడడానికి రెండు ఊళ్లు అనుకున్నాం. ఏడాది సగటు ఉష్ణోగ్రత రెండుచోట్లా 26 డిగ్రీలే. గాలిలో తేమ మాత్రం ఒకచోట 65 శాతం, ఇంకోచోట 72. మొదటి ఊరే నయమనుకోవచ్చా?

జవాబు: అప్పుడే అనుకోకండి. ఉక్కపోత సంగతి ఈ అంకెలు చెప్పవు. తేమ శాతం అంటే గాలిలో ఎంత నీటి ఆవిరి ఉందన్న కొలత కాదు. ఆ వేడిలో ఉండగలిగినంత ఆవిరిలో ఎన్నో వంతు ఉందన్న లెక్క. గాలి వేడెక్కితే ఆవిరి మారకపోయినా శాతం పడిపోతుంది. తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర 90 శాతం, మధ్యాహ్నం 30 డిగ్రీల దగ్గర 50 శాతం ఉన్నాయనుకోండి, రెండు పూటలా గాలిలో ఉన్న ఆవిరి దాదాపు ఒకటే. కాబట్టి ఏ వేళ కొలిచారో తెలియని సగటు శాతంతో రెండు ఊళ్లను పోల్చలేం.

చూడాల్సింది డ్యూ పాయింట్. పాఠ్యపుస్తకాల్లో తుషార స్థానం అని చదువుకున్నదే. గాలిని ఏ ఉష్ణోగ్రత దాకా చల్లబరిస్తే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో అది. చాలా వాతావరణ యాప్‌లలో ఉంటుంది. లేకపోతే మోటు లెక్క ఒకటుంది: 100 లోంచి తేమ శాతం తీసేసి, మిగిలినదాన్ని 5తో భాగించి, వచ్చినదాన్ని ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. 30 డిగ్రీలు, 70 శాతం అయితే డ్యూ పాయింట్ 24. తేమ 50 శాతం కంటే తక్కువుంటే ఈ లెక్క తప్పుతుంది.

డ్యూ పాయింట్ 13 లోపుంటే గాలి హాయిగా, పొడిగా తోస్తుంది. 16, 18 మధ్య జిడ్డు మొదలవుతుంది. 21 దాటితే ఊరికే కూర్చున్నా చెమట ఆరదు. 24 దాటితే నీడ కూడా ఊరట ఇవ్వదు. అలవాటును బట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి, అంతే. ఒంటి మీద లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. అదే చెమట బొట్లు బొట్లుగా కారిపోతే ఆ లాభం దక్కదు. పైగా వయసు మీద పడేకొద్దీ చెమట గ్రంథులు ఆలస్యంగా స్పందిస్తాయి, దాహం తెలియదు, చర్మానికి రక్తం తగినంత చేరదు. మూత్రం ఎక్కువయ్యే మందులు, కొన్ని బీపీ మందులు కూడా వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా ఆపకండి గానీ, ఊరు మారే ముందు ఆ జాబితా డాక్టరుకు చూపించండి.

రెండో అంకె రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత. పగలు 38 ఉన్నా రాత్రి 20కి దిగే ఊళ్లో శరీరం కోలుకుంటుంది. పగలు 33, రాత్రి 28 ఉండే ఊళ్లో ఆ విరామం ఉండదు. సగటు చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. సగటు ఇలాగే మోసం చేస్తుంది. వాతావరణ శాఖ 30 ఏళ్ల సగటులను నెలలవారీగా ప్రకటిస్తే (ఇప్పుడు వాడుకలో ఉన్నవి 1991–2020వి) తీసుకుని, అన్నిటికంటే కష్టమైన నెల వరుస మాత్రమే పక్కపక్కన పెట్టి పోల్చండి. మిగతా పదకొండు నెలలూ తర్వాత చూడొచ్చు.

ప్రశ్న: మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, నాకు ఆస్తమా. పొడి వాతావరణానికి వెళ్తే ఇద్దరికీ మంచిదని బంధువులంతా అంటున్నారు. నిజమేనా?

జవాబు: మోకాళ్ల విషయంలో ఆధారం బలహీనం. బ్రిటన్‌లో ఫోన్లో రోజూ నొప్పి నమోదు చేయించి జరిపిన అధ్యయనం ఒకటి 2019లో వెలువడింది. తేమ ఎక్కువగా, గాలి పీడనం తక్కువగా, ఈదురుగా ఉన్న రోజుల్లో నొప్పి కొంచెం పెరిగిందని తేలింది. కొంచెమే. అందుకోసం ఇల్లు మారడం అనవసరం. మోకాళ్లకు కావాల్సింది నడక. ఏ ఊళ్లో ఏడాది పొడవునా రోజుకు కనీసం రెండు గంటలు బయట తిరగగలరో ఆ ఊరు ఆవిడకు మేలు. పొడి ఊరైనా నాలుగు నెలలు ఎండకు జడిసి గదిలో కూర్చోవాల్సి వస్తే మోకాళ్లు ఇంకా బిగుసుకుంటాయి.

మీ ఆస్తమాకు ముందు తెలుసుకోవాల్సింది అది దేనికి రేగుతోందన్నది. కంటికి కనిపించని దుమ్ము పురుగులు ఇంట్లో తేమ 50 శాతం పైన ఉంటే వృద్ధి చెందుతాయి. గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం చేరి అలాగే నిలిచిపోతే బూజు పడుతుంది. పరీక్షలో ఇవే కారణమని తేలితే పొడి ఊరు మీకు ఉపయోగమే. పుప్పొడీ ధూళీ కారణమైతే మాత్రం పొడి గాలి, ఈదురు గాలి కలిసిన చోట బాధ పెరగవచ్చు. చలి, పొడి కలిసిన గాలి కూడా శ్వాసనాళాలను బిగిస్తుంది. ఇంట్లో 40, 50 శాతం మధ్య ఉండడం మేలు. 30 కంటే తగ్గితే ముక్కు లోపల పొర ఎండుతుంది, కళ్లు మండుతాయి, కాళ్ల మీద చర్మం పగులుతుంది.

ప్రశ్న: 2,000 మీటర్ల ఎత్తున కొండ ఊళ్లో ఇల్లు కొనాలని ఉంది. వయసు 67, బీపీ ఉంది. చల్లగా ఉంటుంది కదా?

జవాబు: ఉంటుంది. ప్రతి 1,000 మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి సముద్ర మట్టంతో పోలిస్తే 13 డిగ్రీల తేడా. అయితే గాలి పీడనం కూడా దాదాపు ఐదింట నాలుగు వంతులకు పడిపోతుంది, ఆక్సిజన్ కూడా ఆ మేరకే అందుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా నిర్ణయించుకోకూడదు. మీరైతే అక్కడ కొన్ని వారాలుండి రోజూ బీపీ చూసుకుని రాసుకోండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతాయి.

ఇంకో సంగతి, చల్లని ఊరంటే పొడి ఊరని కాదు. మబ్బులు కొండను రాసుకుంటూ వెళ్లే వైపు నెలల తరబడి గోడలు చెమ్మగా ఉంటాయి. గాలివాటుకు అవతలి వైపు వర్షం తగ్గిపోతుంది. లోయ అడుగున రాత్రిళ్లు చల్లగాలి దిగి నిలిచిపోవడం వల్ల పొగమంచు, చలి రెండూ ఎక్కువ. వాలు మధ్యలో, ఉదయపుటెండ తగిలే వైపు ఇల్లు వెతకండి.

ప్రశ్న: ఎండాకాలానికి కూలర్ సరిపోతుందా, ఏసీ తప్పదా?

జవాబు: అది ఊరి తేమ తేల్చాలి. కూలర్ గాలిని తడి బల్బు ఉష్ణోగ్రత వైపు మాత్రమే దించగలదు. నీటిని ఆవిరి చేస్తూ గాలిని ఎంత దాకా చల్లబరచగలమో ఆ అడుగు హద్దే అది. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నచోట తడి బల్బు 23 లోపే. అక్కడ మంచి కూలర్ 26 దాకా దించిన గాలి ఇస్తుంది. 35 డిగ్రీలు, 70 శాతం ఉన్నచోట తడి బల్బే 30. కూలర్‌లోంచి వచ్చేది 31 డిగ్రీల తడిగాలి, దానికంటే ఉత్త ఫ్యాను నయం. ఫ్యానుకూ హద్దుంది: గది 40 డిగ్రీలు దాటితే అది ఒంటికి వేడే కొడుతుంది. ఏసీ కొంటే గదికి మించిన పెద్దది వద్దు. గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే వ్యవధి దానికి దొరకదు. చల్లగానూ, జిడ్డుగానూ ఉందని జనం ఫిర్యాదు చేసేది అందుకే.

ప్రశ్న: కొనేముందు ఊరినీ ఇంటినీ ఎలా పరీక్షించాలి?

జవాబు: సెలవులకు వెళ్లిన నెలలో కాదు, అక్కడి కష్టకాలంలో అద్దెకు ఉండి. మూడు వారాలకు తగ్గకూడదు. శరీరం వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి వారం అభిప్రాయాన్ని మంచైనా చెడైనా లెక్కలోకి తీసుకోకండి.

తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు వెంట తీసుకెళ్లండి. ముందుగా వాటిని సరిచూడాలి: చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంతవరకే నీళ్లు చల్లి, మీటర్లతో పాటు గాలి చొరని సంచిలో 12 గంటలు ఉంచండి. గది ఉష్ణోగ్రతలో అవి 75 చూపించాలి. 71 చూపిస్తే ఆ మీటరు అంకెకు నాలుగు కలుపుకోవాలి. నీళ్లు ఎక్కువై ఉప్పంతా కరిగిపోతే పరీక్ష తప్పుతుంది.

ఒక మీటరు పడకగదిలో, ఒకటి గోడ బీరువా లోపల పెట్టి పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు రాసుకోండి. బీరువా లోపల ఎప్పుడూ 65 దాటుతుంటే బట్టలకూ పుస్తకాలకూ బూజు పట్టవచ్చు, వినికిడి యంత్రం వాడేవాళ్లు రాత్రిళ్లు దాన్ని తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెట్టాల్సిందే. కింది అంతస్తులో గోడ అడుగున అడుగెత్తు వరకు తెల్లటి పొడి రాలుతోందేమో చూడండి, నేలలోంచి చెమ్మ ఎక్కుతోందన్నమాట. పై అంతస్తయితే సాయంత్రం ఏడింటికి సీలింగుకు చెయ్యి ఆనించండి. అప్పటికీ కాలుతుంటే ఆ వేడంతా రాత్రి మీ మీదకే దిగుతుంది. సముద్రం ఎదురుగా ఉన్న ఇల్లయితే కిటికీ గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్ ఎంత తుప్పు పట్టాయో, అవి పెట్టి ఎన్నేళ్లయిందో యజమానిని అడగండి.