డిసెంబరు ఖర్చు ఏప్రిల్ దాకా లాగుతోంది

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. మా ఇద్దరికీ కలిపి నెలకు 45 వేలు వస్తాయి. క్రిస్మస్‌కి అత్తామామలతో సహా ఏడుగురికి బట్టలు, ఇంటికి సున్నాలు, స్టారు, కేకులు, 20 మందికి బిర్యానీ, చర్చిలో కానుక... అన్నీ కలిపి పోయినేడు 38 వేలు దాటింది. కార్డు మీద గీకింది ఏప్రిల్ దాకా కట్టాం. తగ్గిద్దామంటే ఇంట్లో అందరూ మొహం ముడుచుకుంటారు. ఏం చేయమంటారు?

జవాబు: కానుక జోలికి వెళ్లకండమ్మా, అక్కడ బేరం వద్దు. అసలు బరువు బట్టల దగ్గరుంది, అదీ ఆఖరి వారంలో కొనడం వల్ల. పెద్దవాళ్ల చీరలు, పంచెలు ఆషాఢం డిస్కౌంట్లలోనే తీసేసుకోండి, పిల్లలవి మాత్రం అప్పుడు కొంటే పండక్కి పొట్టయిపోతాయి (మా ఇంట్లో ఒక గౌను ట్యాగుతో సహా బీరువాలోనే ఉండిపోయింది). 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న డ్రెస్సుకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18, కాబట్టి ఓ వంద ఎక్కువున్నది నచ్చినా కాస్త ఆలోచించండి.

సున్నాలు ఏడాది విడిచి ఏడాది చాలు. బిర్యానీ మీరు వండండి, చికెన్ వేపుడు ఆడపడుచుని, స్వీట్లు తోడికోడలిని తెమ్మనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ డిసెంబరులోనే బ్యాంకులో నెలకు 2,500 చొప్పున 12 నెలల ఆర్‌డీ మొదలుపెడితే వచ్చే పండక్కి 30 వేలు, పైన కాస్త వడ్డీ చేతికొస్తాయి. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, దీనికి పనికిరాదు. కార్డు మాత్రం షాపింగుకి వెళ్లే రోజు ఇంట్లో పెట్టి వెళ్లండి.