రామనగర్ నాటకం వేస్తున్న మా చిన్నవాడికి

నాన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, వీడు చీరాల–పేరాల పన్ను పోరాటం కథ నాటకం వేస్తాడంట, అదీ మగ్గాల వీధిలోనే వేస్తాడంట" అంది. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి గుండెల్లో భయం మొదలైంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

పై పనులు నీకు తెలిసినవే. మైకుకి పోలీసు అనుమతి ముందే తీసుకో. జనరేటర్ మాట్లాడి పెట్టు. చందాల లెక్క ఏ రోజుకారోజు రాయి. ముసలివాళ్ళకి కుర్చీలు వేయించు.

వేదిక కట్టొద్దు. నేలలో గుంట తవ్వి పెట్టే గుంటమగ్గం వేదిక ఎక్కదు. నేసే ఇల్లు ఒకటి చూసుకుని, దాని ముంగిట్లోనే ఆడండి. తలుపులు బార్లా తీసి పెడితే లోపల మగ్గం మీద మనిషి కనిపిస్తాడు. 1919లో చీరాలనీ పేరాలనీ కలిపి మునిసిపాలిటీ చేశారు. ఊరంతటి మీదా 4 వేల రూపాయలుండే పన్ను 40 వేలకి ఎక్కింది. ఈ కాలం పిల్లలకి 40 వేలంటే ఒక ఫోను ఖరీదు. అంకె చెబితే వాళ్ళకి ఏమీ అందదు. మగ్గంలో నూలుని అటూ ఇటూ మోసే నాడె టకటకా ఆడుతూ ఉండగా బయట ఒకడు పన్ను నోటీసు చదవాలి. చదువుతున్నకొద్దీ ఆ చప్పుడు నెమ్మదించి, చివరికి ఆగిపోవాలి. మగ్గం ఆగిన ఇల్లు ఎట్లా ఉంటుందో మన వీధి జనానికి వేరే చెప్పక్కర్లేదు.

ఆ పోరాటం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వేషానికి మొహం కాదు, గొంతు చూడు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి, తోలుబొమ్మలాటనీ జముకుల కథనీ నెత్తిన పెట్టుకున్నాడు. అటువంటాయన కథకి సినిమా పాటల ట్రాకులు పెట్టావంటే నేను ఊరుకోను. గాంధీ గారు 1921 ఏప్రిల్ 6న వచ్చారు, అహింస తప్పకుండా పన్ను మానేయొచ్చు, లేదా ఊరే వదిలి వెళ్ళొచ్చు అన్నారు. ఆ వేషాన్ని ఎక్కువసేపు నిలబెట్టకు. నడివేసవిలో సామాన్లు నెత్తిన పెట్టుకుని ఎల్లలు దాటింది మనవాళ్ళు. పదిహేను వేల జనం ఉన్న ఊళ్ళో సుమారు 13 వేల మంది పొలిమేర అవతల గుడిసెలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, పదకొండు నెలలు ఉన్నారు. పన్ను కట్టనని జైలుకెళ్ళినవాళ్ళలో ఒక ఆడమనిషి కూడా ఉంది. ఆమెని గుంపులో వెనక నిలబెట్టకు.

లెక్క చూశావా? పదిహేనులో పదమూడు పోతే మిగిలిన వాళ్ళున్నారు కదా. నా భయమంతా వాళ్ళ గురించే.

1981లో, అరవై ఏళ్ళయిన సందర్భంగా, నేను పనిచేసే బడి పిల్లలతో ఈ కథే వేయించాను. నాటకానికి ఒక చెడ్డవాడు కావాలి. దొరల్ని పెడితే జనానికి దూరంగా ఉంటుందని, ఊరు కదిలినా కదలక పన్ను కట్టినవాణ్ణి ఒకణ్ణి పెట్టాను. పేరు పెట్టలేదు. కానీ రిహార్సల్స్ చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన, "అతను ఎడమకాలు కొంచెం ఈడ్చేవాడు, నల్లగొడుగు చంకలో పెట్టుకునేవాడు" అన్నాడు. ఎంత బాగుందో అనుకున్నాను. కాలు ఈడ్పించాను. గొడుగు కొనిపించాను. ఆ రాత్రి ఆ వేషం వచ్చినప్పుడల్లా ఈలలు. నేను తెర పక్కన నిలబడి పొంగిపోయాను.

మర్నాటి నుంచి ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల బడికి రాలేదు. నాలుగో రోజు తెలిసింది, దారిలో మగపిల్లలు ఆ పిల్ల వెనక కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నారని. గొడుగు మనిషి ఆ పిల్ల తాత.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాయనమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఎనభై ఏళ్ళుంటాయి. నన్ను కూర్చోమంది, చక్రం మాత్రం ఆపలేదు. తప్పయిందమ్మా అన్నాను. దారం తెగింది. నోట్లో తడి చేసుకుని, రెండు కొసలూ కలిపి నులిమి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టి అప్పుడు అంది: "నాకు నిండు నెలలు టీచరమ్మా. ముందు రెండు కాన్పులూ పోయినయి. రోహిణి ఎండల్లో తాటాకు గుడిసెలో కనమంటావా నన్ను? ఆయన ఎల్లేవాడే. నేను కాళ్ళు పట్టుకుని ఆపా." కాసేపాగి, "ఆ పన్ను డబ్బు కోసం నా కమ్మలు అమ్మినాం" అంది.

అరవై ఏళ్ళు ఆ మాట ఆ ఇంట్లోనే ఉంది. ఎవరూ అడగలేదు. నాటకం కోసం ముప్పై గడపలు తిరిగిన నేను ఆ ఒక్క గడపా ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో తెలుసా? ఎక్కితే నా చెడ్డవాడు పోతాడని లోపల ఎక్కడో అనిపించింది. ఆ పిల్ల మళ్ళీ మా బడికి రాలేదు. ఇప్పుడు యాభై దాటి ఉంటుంది.

కాబట్టి విను. వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి ఎన్నిసార్లు వెళ్తావో ఉండిపోయినవాళ్ళ ఇళ్ళకీ అన్నిసార్లు వెళ్ళు. మొదటి రోజే ఫోను తీసి రికార్డు చేయకు. మంచినీళ్ళు తాగి, పిల్లల గురించి మాట్లాడి వచ్చేయ్. చెప్పింది రాసుకున్నాక ఆ కాగితం వాళ్ళకే చదివి వినిపించు. ఒక వాక్యం తీసేయమంటే, అది నీ నాటకానికి ప్రాణమైనా సరే, తీసేయ్. పాత ఫోటోలు తీసుకుంటే నీ ఫోనులో నకలు తీసుకుని అప్పుడే ఇచ్చేయ్. నీకు మొండితనం ఉందని నాకు తెలుసు. చిన్నప్పుడు గాలిపటం తెగితే మూడు వీధులు పరిగెత్తేవాడివి. ఆ మొండితనం నాకిష్టం. ఇక్కడ మాత్రం కొంచెం తగ్గు నాన్నా.

చివర కూడా గెలుపు పెట్టకు. గోపాలకృష్ణయ్య గారిని ఏడాది జైలుకి పంపారు, జనం అలిసిపోయారు, తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ ఉండిపోయింది. నేను ఆ రాత్రి జెండా ఊపించాను. నువ్వు తలుపులు తెరిపించు. పదకొండు నెలల దుమ్ము పట్టిన గుంటలోకి ఒకామె దిగి, మగ్గం తుడవడం మొదలుపెడితే చాలు.

ఎండలో తిరగకు. రాత్రి రిహార్సల్ అయ్యాక ఆడపిల్లల్ని ఇళ్ళ దగ్గర దించి రండి.

వచ్చే ఆదివారం ఒంగోలులో పొద్దున రైలెక్కుతాను. స్టేషన్‌కి రా. ఆ నాయనమ్మ పోయింది కానీ, ఇల్లు అక్కడే ఉంది, కొడుకులున్నారు. నీ నాటకం గురించి వాళ్ళకి మొదట మనమే చెబుదాం. నేను ముందు లోపలికి వెళ్తాను, నువ్వు నా వెనక రా.

నీ
పెద్దమ్మ