కడ్డీ పడకపోయినా ఈక్విటేషన్‌లో మార్కులు ఎందుకు తగ్గుతాయి

గుర్రపు స్వారీ పోటీలో జంపుల మీది కడ్డీ ఒక్కటీ పడలేదు, అయినా ఈక్విటేషన్‌లో మా పాపకు 62 మార్కులేనా అని అడిగారు కదన్నా, మీరు షో జంపింగ్ (గుర్రం జంపులు ఎలా దాటిందో లెక్కించే పోటీ) లెక్కతో చూస్తున్నారు. కడ్డీ పడితే 4 ఫాల్ట్‌లు (తప్పుల లెక్క) అక్కడ. ఈక్విటేషన్‌లో జడ్జి చూసేది రౌతును: కూర్చున్న తీరు, గుర్రం మీద పట్టు, 100కు మార్కులు.

ఎక్కువమంది వదిలేసేది జంపుల మధ్య భాగం. వీడియో మళ్ళీ పెట్టి మలుపులు మాత్రమే చూడండి.

1. ఎడమ మలుపులో గుర్రం ఎడమ ముందుకాలు ముందుకు పడాలి, కుడి మలుపులో కుడికాలు. ఇలా ముందుకు పడే కాలే లీడ్. లేదంటే రాంగ్ లీడ్, మార్కులు పోతాయి.

2. ఆ కాలు చూసుకోవడానికి పాప తల వంచుతోందా? అసలు దెబ్బ ఇదే. చూపు తర్వాతి జంప్ మీదే ఉండాలి, లీడ్ ఏదో జీనులో కూర్చున్న ఒంటికే తెలియాలి, అది వచ్చేదాకా జంపులు ఆపేసి మన అనంతపురం ఎర్రమట్టి గ్రౌండ్‌లోనే రెండు డ్రమ్ములు పెట్టి 8 అంకె ఆకారంలో తిప్పించండి.

3. మడమలు కిందికి. దూకేటప్పుడు చేతులు గుర్రం మెడ వెంట ముందుకు.

మార్కుల్లో ముందున్న వాళ్ళను జడ్జి మళ్ళీ పిలిచి రికాబులు లేకుండా స్వారీ చేయమనొచ్చు, అదీ కాస్త అలవాటు చేయించండి.