కట్టు విప్పిన మర్నాడు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. మొదటి పేరాలోనే ఆగిపోయాను. "కట్టు విప్పగానే ఆ పిల్ల ఎదురుగా ఉన్న అమ్మ మొహాన్ని గుర్తుపట్టి నవ్వింది" అని రాశావు. పుట్టుకతో చూపులేని పిల్లలకి ఆపరేషన్ చేయించి, చూపొచ్చాక వాళ్ళకి ఏం కనిపిస్తుందో పరిశీలించిన శాస్త్రవేత్త పవన్ సిన్హా. ఆయన పరిశోధన ఏ వాక్యాన్ని కాదంటుందో సరిగ్గా ఆ వాక్యంతోనే మొదలుపెట్టావు. కోపమొచ్చింది. ఆ సీను మన సినిమాల్లోది. ఆస్పత్రిలోది కాదు.

నీ భాష బాగుంది. సంగతికొస్తాను.

1688లో డబ్లిన్ నుంచి విలియం మాలినూ తత్వవేత్త జాన్ లాక్‌కి ఒక ప్రశ్న పంపాడు. పుట్టుకతో చూపులేని మనిషికి తడిమి చూస్తే ఏది గోళమో, ఏది ఘనమో తెలుసు. అతనికి చూపొస్తే, ముట్టుకోకుండా చెప్పగలడా? మాలినూ భార్యకు పెళ్ళయిన కొత్తల్లోనే చూపు పోయింది. ఆ ఇంట్లో అది ఉబుసుపోక వేసుకున్న ప్రశ్న అయ్యుండదు. ఈ ముక్క నీ వ్యాసంలో ఎందుకు లేదు?

జవాబు 2011లో, ఢిల్లీలో ఆపరేషన్‌తో చూపొచ్చిన పిల్లలు సిన్హా బృందానికి చెప్పారు. ఎనిమిది నుంచి 17 ఏళ్ళ వాళ్ళు, ఐదుగురు. ఆపరేషనయిన రెండు రోజుల్లోపే చేతికి ఒక దిమ్మె ఇచ్చి తడమమన్నారు. తర్వాత రెండు దిమ్మెలు చూపించి, ఇందాకటిది ఏదన్నారు. చేత్తో తడిమినదాన్ని చేత్తోనే పోల్చమంటే నూటికి 98 సార్లు సరిగ్గా చెప్పారు. చూసినదాన్ని చూపుతోనే అయితే 92. తడిమినదాన్ని చూసి పోల్చమంటే 58. రెంటిలో ఒకటి చెప్పాలి కాబట్టి, బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తాయి. ఈ 58 మీద నువ్వొక పేజీ రాయాలి. "ఆశ్చర్యకరమైన ఫలితాలు వచ్చాయి" అని దాటేశావు. దిమ్మెనే పోల్చుకోలేని కన్ను అమ్మ మొహాన్ని ఎలా పోలుస్తుంది? ఆ పిల్ల అమ్మను గొంతు విని గుర్తుపట్టి ఉంటుంది. అది రాయి.

నా సంగతొకటి చెప్తాను. మా మేనత్తకి క్యాంపులో శుక్లాల ఆపరేషన్ చేశారు. అప్పట్లో కంట్లో లెన్సు పెట్టేవారు కాదు, సోడాబుడ్డి కళ్ళద్దాలిచ్చేవారు. వాటిలోంచి అన్నీ పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. ఇంటికొచ్చిన మర్నాడు మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాపింది. గ్లాసు ఇంకా జానెడు దూరంలో ఉంది. కళ్ళు మూసుకుని, ఎప్పట్లా తడుముకుని తీసుకుంది. చూపున్న మనిషి చూడ్డానికి భయపడి కళ్ళు మూసుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. దాని మీద వ్యాసం రాస్తే, ఒక సంపాదకుడు గ్లాసు పేరా మొత్తం కొట్టేసి, చివర్లో ఆమె చేత ఆనందబాష్పాలు రాల్పించాడు. పైన "చీకటి నుంచి వెలుగుకి" అని శీర్షిక. అత్తయ్యకి చదివి వినిపించలేకపోయాను. ఇప్పటికీ ఆ పత్రిక కాపీ నా దగ్గర లేదు, ఉంచుకోలేదు.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. కంటికి ఏమందిందో ముందు రాయి, దాని పేరు తర్వాత. సిన్హా బృందం చూసిన 29 ఏళ్ళ యువకుడి గురించి నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. అతనికి ఆపరేషన్ కాదు, కళ్ళద్దాలు ఇచ్చారు. ఒక చతురస్రం, ఒక వృత్తం ఒకదాని మీదొకటి పడేలా గీసి చూపిస్తే, అతనికి రెండు బొమ్మలు కనిపించలేదు, గీతలు కలిసిన చోటల్లా ముక్కలు ముక్కలుగా కనిపించాయి. వాటిని కదిలించగానే ఏ ముక్క దేనిదో తెలిసిపోయింది. వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి! ఆ బొమ్మను పాఠకుడి చేత కాగితం మీద గీయించు.

ఇంకొకటి. "చూపంతా నేర్చుకుంటే వచ్చేదే" అని తేల్చి చెప్పావు. ఆ మాట నాకూ ఇష్టమే, కానీ నిలవదు. ఒకే పొడుగున్న రెండు గీతలకి చివర, ఒకదానికి లోపలికి, ఇంకోదానికి బయటికి తిరిగిన బాణాలు పెడితే ఒకటి పెద్దదిగా తోస్తుంది కదా, కొత్తగా చూపొచ్చిన పిల్లలు కూడా వెంటనే ఆ భ్రమలో పడ్డారని ఇదే బృందం 2015లో చూపించింది. అదీ వ్యాసంలో ఉండాలి. మన వాదానికి అడ్డొచ్చిందని దాచకూడదు.

"మానవ మెదడు ఒక అద్భుతం" అన్న వాక్యం మూడుచోట్ల ఉంది. మూడూ కొట్టేశాను. ఐదు పేజీల్లో తిరగరాసి పంపు, మార్జిన్ ఎక్కువ వదులు.

ఆశీస్సులతో,
మాస్టారు